గుర్తు తెలియనివారి చోటు

ఆసుపత్రిలో అందరూ ఆవిడను భద్రం అని పిలుస్తారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గానీ దానికి అక్కడినుంచి బయటికొచ్చే అవసరం ఎప్పుడోగాని పడదు. కంప్యూటర్ల గది అప్పజెప్పిన కొత్తలో, ఎవరు ఏ ఫైలు గురించి మాట్లాడినా "భద్రంగా ఉందా? ఇంకో కాపీ ఉందా?" అని అడిగేది. నర్సులు నవ్వుకుని ఆ మాటనే ఆవిడకు పేరుగా అంటించేశారు. ఏళ్ళు గడిచేసరికి ఆవిడ కూడా ఆ పేరుకే పలకడం అలవాటు చేసుకుంది.

ఆవిడ గది పొడుగాటి వరండా చివర, మందుల గోదాముకి ఆనుకుని ఉంటుంది. బయట ఎండ మండిపోతున్నా లోపల స్వెట్టరు వేసుకోవాలి. సర్వర్ల ఫ్యాన్లు పొద్దస్తమానం హోరుమంటూనే ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ హోరుతో తలనొప్పి పుడుతుంది. భద్రానికి అది కాసేపు ఆగితే పుడుతుంది.

ఆసుపత్రిలో తీసే ప్రతి ఎక్స్‌రే, ప్రతి స్కానింగు బొమ్మ, ప్రతి ఫొటో మూడు చోట్ల ఉండాలన్నది ఆవిడ పట్టుదల. ఒకటి రోజూ వాడే మిషన్లో, ఒకటి తన గదిలోని ఇనప అల్మరాలో, మూడోది రోడ్డుకి అవతల పాత రికార్డుల భవనంలో, టేపుల మీద. "ఒక్క కాపీ ఉంటే లేనట్టే లెక్క. రెండుంటే ఒకటున్నట్టు. మూడుంటే నాకు నిద్ర పట్టినట్టు" అంటుంది ఎవరైనా అడిగితే.

ఆ సోమవారం పొద్దున సూపరింటెండెంటు తనే నడుచుకుంటూ ఆ గదికొచ్చాడు. ఆయన ఎముకల డాక్టరు. పెద్దమనిషి, చెడ్డవాడు కాదు. గదిలో చలికి చేతులు రుద్దుకుంటూ, కూర్చోకుండానే మాట్లాడాడు.

"అమ్మా, కొత్త స్కానింగ్ మిషను వచ్చే నెల బిగిస్తున్నారు. మనకున్న చోటు సరిపోతుందా?"

"సరిపోదు సార్. ఇప్పటికే పీకలదాకా ఉంది. ఆ మిషను ఒక్క మనిషి తలకాయ తీస్తే, పాతదాంట్లో ఓ వార్డు మొత్తానికి పట్టేంత చోటు కావాలట."

"కొత్త డిస్కులు ఈ ఏడాది రావు. అడిగి చూశాను. ఉన్నదాంట్లోనే సర్దాలి. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, దేనికి ఎన్ని కాపీలు, ఒక ప్లాను వేసివ్వండి. శుక్రవారం సంతకం పెట్టేస్తాను."

"తీసేసే దగ్గర అందరూ నా మీద పడతారు సార్."

"అయితే ఎవరూ అడగని చోట తియ్యండి" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అత్తగారు వంటింటి అటకమీదనుంచి సామాన్లు దింపించి నడింట్లో పోగు పెట్టి ఉంది. భద్రం భర్త బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కుంటుండగానే తల్లి నిచ్చెన ఎక్కించినట్టుంది, చొక్కానిండా బూజు. అత్తగారికి వస్తువుల మీద జాలి లేదు. ఆవిడ ఈడు వాళ్ళు చీపురుపుల్ల కూడా దాచుకుంటారు. ఈవిడ మాత్రం ఇంట్లో ఊపిరాడాలంటుంది.

"ఈ మరచెంబు ఎందుకత్తయ్యా పారేస్తున్నారు? బానే ఉందిగా."

"బానే ఉంటే ఏం? నువ్వు ఎప్పుడు వాడావు చెప్పు. ఏడాదిపాటు చెయ్యి తగలని వస్తువు మన ఇంటిది కాదే. మన నెత్తి మీదిది."

భద్రానికి ఆ మాట నచ్చింది. పొద్దుటినుంచి తల పట్టుకుని కూర్చుంటే తట్టని ఉపాయం అత్తగారి నోట ఊరికే దొరికింది అనుకుంది.

మర్నాడు పని మొదలుపెట్టింది. రోజుకి ఎంత చేరుతోంది, నెలకి ఎంత పెరుగుతోంది, కొత్త మిషను వస్తే ఎంత, దాన్ని మూడు పెట్టి హెచ్చిస్తే ఎంత. పైన కొంత ఖాళీ వదలాలి. నిండు కుండ తొణకదంటారు గానీ నిండిన డిస్కుకి ఒక్క చుక్క ఎక్కువైనా పనంతా ఆగి కూర్చుంటుంది. అప్పటికే ఇనప అల్మరా కాపీల్లో కొన్నిటి పక్కన ఎర్ర గుర్తులు పడుతున్నాయి. చోటు చాలక సగంలో ఆగిపోయినవి అవి. ప్లాను అయ్యాక అన్నీ ఒకేసారి సరిచెయ్యొచ్చులే అనుకుని వాటి జోలికి పోలేదు.

తర్వాత ఫోల్డర్లన్నిటినీ, ఎవరైనా వాటిని ఆఖరిసారి ఎప్పుడు తెరిచారో ఆ వరసలో పేర్చింది. అన్నిటికన్నా అడుగున తేలింది మార్చురీ వాళ్ళ ఫోల్డరు. దాని పేరు 'గుర్తు తెలియనివారు'.

రోడ్డు పక్కన పడిపోయినవాళ్ళు, రైలు పట్టాల దగ్గర దొరికినవాళ్ళు, వార్డులో చేరి పేరైనా చెప్పకుండా పోయినవాళ్ళు. ఎవరైనా వస్తారేమోనని కొన్నాళ్ళు చల్లటి గదిలో ఉంచుతారు. ఎవరూ రాకపోతే ఆసుపత్రి వాళ్ళే సాగనంపుతారు. అంతకుముందు మార్చురీ ఫొటోగ్రాఫరు మొహం, చేతులు, కాళ్ళు, ఒంటిమీద మచ్చలు, బట్టలు విడివిడిగా ఫొటోలు తీస్తాడు. మనిషి గుర్తుగా మిగిలేవి ఆ ఫొటోలే. వాటిలో చాలావాటిని తీసినరోజు తర్వాత మళ్ళీ తెరిచినవాళ్ళు లేరు.

భద్రం లేచి కాసిని నీళ్ళు తాగొచ్చింది. మళ్ళీ కూర్చుని, ఆ వరసకెదురుగా టైపు చేసింది: ఏడాది దాటినవి తీసివేయవచ్చు. మిగతావాటికి ఒక్క కాపీ చాలు.

సాయంత్రం సూపరింటెండెంటు ఆ చిత్తుప్రతి చూసి తల ఊపాడు. వేలు ఆ వరస దగ్గర ఓ క్షణం ఆగింది. "బతికున్నవాళ్ళకి చోటు కావాలి కదమ్మా. పోయినవాళ్ళు ఇంకెక్కడికీ పోరు" అన్నాడు. మాట సబబుగానే ఉందనిపించింది భద్రానికి.

బుధవారం పొద్దున మార్చురీ ఫొటోగ్రాఫరు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. అతన్ని ఆవిడ బాబాయ్ అని పిలుస్తుంది. ఏ చుట్టరికమూ లేదు. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరారు. అతను వయసులో పెద్దవాడు.

"అమ్మాయ్, నా మిషను చచ్చింది. టక్కుటక్కుమని చప్పుడు చేసి తెర నల్లబడిపోయింది. పైగా ఓ మనిషొచ్చి కూర్చుంది పాపం."

అతని వెనకాల వరండాలో ఒక స్త్రీ నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. చేతిలో పోలీసు స్టేషను వాళ్ళిచ్చిన కాయితం, నాలుగు మడతలు వేసి, మడతలు నలగకుండా పట్టుకుని ఉంది.

"రండక్కా, లోపలికి రండి" అంది భద్రం.

ఆవిడ గుమ్మంలో చెప్పులు విప్పబోతే వద్దని వారించి కుర్చీ వేసింది. ఇస్త్రీ బండి పెట్టుకుని బతికే మనిషట. తమ్ముడు పొరుగూరికి పనికని వెళ్ళాడు. కొన్నాళ్ళు ఫోన్లు చేశాడు, తర్వాత మానేశాడు. అప్పటినుంచీ వెతుకుతోంది. ఈమధ్య ఒక స్టేషన్లో పాత కేసులు తిరగేస్తుంటే, కాలి వేళ్ళ గురుతు ఒకటి కలిసింది. ఫొటోలు ఈ ఆసుపత్రిలో ఉంటాయని పంపారు.

"వాడి ఎడమ కాలికి రెండు వేళ్ళు అతుక్కుని ఉంటాయమ్మా. చిన్నప్పుడు బాతుపిల్లా బాతుపిల్లా అని ఏడిపించేవాళ్ళం. ఏడవకపోగా మురిసిపోయేవాడు. కాలవలో దిగాడంటే ఎవరికీ అందేవాడు కాదు."

చెబుతూ చెబుతూ చెయ్యి చాచి, బల్లమీద ప్రింటరుకి కప్పిన గుడ్డ ముడతని అరచేత్తో సాపు చేసింది. తను అలా చేసినట్టు ఆవిడకే తెలియదు.

భద్రం మార్చురీ మిషన్లోంచి డిస్కు ఊడబీకి చెవి దగ్గర పెట్టుకుని వింది. వినగానే తెలిసిపోయింది, అది ఇక లేవదు. ఫరవాలేదు, ఇంకో రెండు కాపీలున్నాయి. అల్మరాలోని కాపీ తెరిచింది. ఆ ఫోల్డరు పక్కన ఎర్ర గుర్తు ఉంది. లోపల పాతవి చెరిపేసి కొత్తవి ఎక్కించబోయి, చోటు చాలక కాపీ నడిమధ్యలో ఆగిపోయింది. ఈమధ్యవి కొన్నే ఉన్నాయి. ఇస్త్రీ ఆవిడకు కావలసిన ఏడాదివి లేవు.

ఇక మిగిలింది రోడ్డుకి అవతల ఉన్న టేపులు. ప్లానులో వాటిని కూడా చెరిపేయమని రాసింది తనే. సూపరింటెండెంటు సంతకం శుక్రవారమన్నాడు కాబట్టి సరిపోయింది. మంగళవారమే పెట్టేసి ఉంటే ఈపాటికి ఆ టేపుల మీద ఇంకేదో ఎక్కుతూ ఉండేది.

"దొరుకుతుందామ్మా?" అంది ఇస్త్రీ ఆవిడ, భద్రం మొహం చూసి.

"దొరుకుతుందక్కా. కాకపోతే టైం పడుతుంది. రేపు రాగలరా?"

"ఇన్నాళ్ళు ఆగాను. రేపటికేం?" అంది. అయినా వెంటనే వెళ్ళలేదు. వరండా బల్లమీద మధ్యాహ్నందాకా కూర్చుంది.

రికార్డుల భవనంలో మెట్ల కింద చిన్న గదిలో టేపులుంటాయి. భద్రం ప్లాస్టిక్ డబ్బాలమీద దుమ్ము తుడిచి, తారీకులు చూసుకుంటూ ఒక్కొక్కటే బయటికి తీసింది. టేపుల మిషను వాడి చాలాకాలమైంది. దాన్ని శుభ్రం చేసే క్యాసెట్టు ముందు తిప్పి, తర్వాత మొదటి టేపు పెట్టింది. అది ముసలివాడు గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి, తిరగడం మొదలెట్టింది. ఒక టేపు అవగానే బయటికి నెట్టేసి రెండోది అడుగుతుంది. అది పెడితే సగందాకా వెళ్ళి ఆగి మళ్ళీ మొదటికొస్తుంది. ఫొటోగ్రాఫరు రెండుసార్లు టీ తెచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు ఉత్త చేతులతో వచ్చి, మెట్టుమీద కూర్చున్నాడు.

"బాబాయ్, నీ ఫొటోలు తీసెయ్యమని రాశాను నేను. తెలుసా?"

"విన్నాను."

"మరి అడగలేదేం నన్ను?"

"ఏమని అడగను? ఎవరొస్తారు వాటికోసం? ఇన్నేళ్ళలో వచ్చినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు." మెట్టు మీద దుమ్ము చేత్తో తుడిచాడు. "నాకే ఏదోలా అనిపించింది. అనిపించిందని ఏం చెప్తాం?"

గురువారం పొద్దెక్కాక టేపు చదవడం పూర్తయింది. స్టేషను కాయితంలో ఉన్న నంబరు పట్టుకుని వెతికితే ఆ ఫోల్డరు ఉంది. ఇస్త్రీ ఆవిడ అప్పటికే వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. ఫొటోగ్రాఫరు తలుపు దగ్గర నిలబడ్డాడు. తెర భద్రం వైపే తిరిగి ఉంది.

ముందు కాళ్ళ ఫొటో తెరిచింది. ఎడమ పాదం. బొటనవేలి పక్కన రెండు వేళ్ళు ఒకే తొడుగులో దూర్చినట్టు కలిసి ఉన్నాయి.

"అక్కా, వేళ్ళు కలిసే ఉన్నాయి."

"ఏ కాలు?"

"ఎడమ."

ఆవిడ ఏడవలేదు. ఒళ్ళో ఉన్న కాయితాన్ని తీసి, ఉన్న మడతమీదే మళ్ళీ వేలితో రుద్దింది. భద్రం తర్వాతి ఫొటో తెరిచింది. మొహం.

"మొహం కూడా ఉందక్కా. తెర ఇటు తిప్పమంటారా?"

ఆవిడ తెర వీపుకేసి చూసింది.

"వద్దమ్మా" అంది చివరికి. "చూశానంటే ఇక అదే మిగుల్తుంది నా కళ్ళల్లో. నాకు కాలవలోంచి లేచొస్తున్నవాడు ఉన్నాడు. వాడు చాలు. నువ్వు చూశావుగా, చెప్పు. ఎలా ఉన్నాడు?"

భద్రం తెరకేసి చూసింది. ఇంతకాలం ఈ ఉద్యోగంలో ఎన్నో లక్షల బొమ్మలు కాపాడింది. ఒక్క మొహాన్నీ ఇంత దగ్గరగా చూడలేదు. "గడ్డం పెరిగింది. సన్నగా ఉన్నాడు. ఎక్కడా దెబ్బలు లేవు. జుట్టు దువ్వి ఉంది."

"దువ్వి ఉందా? ఎవరు దువ్వారు?"

తలుపు దగ్గర ఫొటోగ్రాఫరు గొంతు సవరించుకున్నాడు. "నేనేనమ్మా. ఫొటోకి ముందు దువ్వుతాను. అందరికీ దువ్వుతాను."

ఆవిడ అతని వైపు తిరిగి చూసింది. "వాడు ఎవర్నీ దువ్వనిచ్చేవాడు కాదయ్యా. మా అమ్మ దువ్వెన పట్టుకుని వీధంతా పరిగెత్తేది" అంది. అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చింది. ఫొటోగ్రాఫరు వరండాలోకి వెళ్ళి గోడకేసి నిలబడ్డాడు.

వెళ్ళబోతూ ఆవిడ గుమ్మంలో ఆగింది. "ఆ ఫొటో ఇక్కడే ఉంటుందామ్మా?"

భద్రం కళ్ళు బల్లమీది ప్లాను కాయితం మీదికి వెళ్ళాయి.

"మా చెల్లెలొకత్తి ఉంది, దూరాన. అది వస్తుందో రాదో. వచ్చినా చూస్తుందో చూడదో. అయినా వాడొక చోట ఉన్నాడని ఉండాలి. తీసెయ్యకండమ్మా."

"ఉంటుందక్కా" అంది భద్రం. ఆలోచించేలోగానే మాట నోరు దాటేసింది.

ఆ సాయంత్రం అన్నం కెలుకుతూ కూర్చుంటే అత్తగారు గుచ్చిగుచ్చి అడిగి సంగతంతా రాబట్టింది. తన మాట పట్టుకునే కోడలు ఆ వరస రాసిందని తెలియగానే గరిటె గిన్నెలో పడేసింది.

"ఏడాది అన్నది గిన్నెల సంగతే పిచ్చిదానా! మనుషుల సంగతని నీకెవరు చెప్పారు?"

"మనుషులు కాదత్తయ్యా, ఫొటోలు."

"ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది ఫొటోని చూసి కాదుగా. చూడనైనా లేదుగా."

అత్తగారు కంచంలో ఇంత మజ్జిగ పోసి, "తిను. రేపు పోట్లాడాలంటే ఒంట్లో బలం ఉండాలి" అంది. పోట్లాడతానని భద్రం అనలేదు అప్పటికి.

శుక్రవారం ఉదయం ప్లాను మళ్ళీ తెరిచింది. ఈసారి ఎవరు ఎప్పుడు తెరిచారన్నది పక్కనపెట్టి, ఏది ఎంత చోటు తింటోందో ఆ వరసలో పేర్చింది. 'గుర్తు తెలియనివారు' ఎక్కడో కింద కనిపించీ కనిపించకుండా ఉంది. అన్నేళ్ళ మొహాలూ, చేతులూ, కాళ్ళూ కలిపితే కొత్త మిషను ఒక్క పూటలో తీసేంత లేదు. పైన కొండల్లా కూర్చున్నవి వేరే ఉన్నాయి. ప్రతి విభాగంలోనూ పెద్ద డాక్టర్లు పాఠాలకనీ ఉపన్యాసాలకనీ తమ పేరుమీద విడిగా దాచుకున్న బొమ్మలు అవి. అసలువి ఎలాగూ మూడు చోట్ల ఉన్నాయి. వీటికీ మళ్ళీ మూడేసి కాపీలు. ఆ సంగతి ఆవిడకు మొదటినుంచీ తెలుసు. వాటిని ముట్టుకోకపోవడానికి కారణం కూడా తెలుసు.

మధ్యాహ్నం సూపరింటెండెంటు కలం మూత తీసి సిద్ధంగా ఉన్నాడు.

"ప్లాను మార్చాను సార్."

ఆయన చదువుతుండగా కనుబొమలు దగ్గరపడ్డాయి. "మా విభాగం పాఠాల బొమ్మలు తీసేస్తారా?"

"అవే బొమ్మలు అసలు చోట ఉంటాయి సార్. అక్కడినుంచే చూపించుకోవచ్చు. వెతుక్కోడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే."

"మిగతా హెడ్లు ఊరుకుంటారా?"

"ఊరుకోరు సార్."

"ఇదంతా ఆ మార్చురీ ఫొటోల కోసమా? అవసలు ఎంత చోటు?"

చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి ఆవిడ వైపు చూశాడు.

"అంతేనా? అంత కొంచెమైతే మరి మొదట వాటినెందుకు తీసేశారు?"

భద్రం ఆ ప్రశ్నని ఊహించలేదు. ఆయన ఎత్తిపొడవడానికి అడగలేదు, నిజంగానే తెలియక అడిగాడు.

"ఎవరూ అడగని చోట తియ్యమన్నారు సార్ మీరు. నేనూ అలాంటి చోటే వెతికాను. చోటు కోసం తియ్యలేదు. గొడవ ఉండదని తీశాను."

ఆయన కళ్ళజోడు అద్దాలు తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. బయట ఎవరో స్ట్రెచరు తోసుకుపోతున్న చప్పుడు దగ్గరై దూరమైంది.

"నిన్నొచ్చినావిడ గురించి ఫొటోగ్రాఫరు చెప్పాడు" అన్నాడు. "మా విభాగం విద్యార్థుల పరీక్షలయ్యేదాకా ఆగండి. తర్వాత మావి తీసెయ్యండి. మిగతావాళ్ళతో మాత్రం నేను మాట్లాడను. వాళ్ళ మాటలు మీరే పడండి." సంతకం పెట్టి కాయితం ఆవిడ వైపు జరిపాడు.

ఆవిడ పడింది. పిల్లల డాక్టరు గదికొచ్చి అరిచి వెళ్ళాడు. చర్మం డాక్టరమ్మ ఎదురుపడితే తల తిప్పుకోవడం మొదలుపెట్టింది. ఒకాయన పైవాళ్ళకు ఫిర్యాదు రాస్తానన్నాడు, రాశాడు కూడా. దానికి సంజాయిషీ రాస్తూ భద్రం ఒక పూటంతా కూర్చుంది. ఖాళీ అయిన చోట్లో ఎర్ర గుర్తులు ఒక్కొక్కటే చెరిగాయి. మార్చురీకి కొత్త డిస్కు బిగించి, టేపులమీంచి తెచ్చినవన్నీ అందులోకీ అల్మరాలోకీ మళ్ళీ ఎక్కించింది.

కాపీ ఉందనుకోవడం వేరు, తెరుచుకోవడం వేరు. అందుకని ఇకనుంచి వారానికోసారి ప్రతి ఫోల్డరులోంచి ఏదో ఒకటి తీసి సరిగ్గా వస్తోందో లేదో చూడాలని ప్లానులో రాసుకుంది. మొదటి వారం ఎక్స్‌రేలు, స్కానింగులు అయ్యాక 'గుర్తు తెలియనివారు' దగ్గరికొచ్చింది. కళ్ళు మూసుకుని ఎక్కడో ఒక చోట నొక్కింది.

ఒక ముసలావిడ. ముక్కుకి రెండు వైపులా కుట్టిన గుర్తులున్నాయి, ఏ ఆభరణమూ లేదు. పెదాలు కొంచెం విడివడి, మాట మధ్యలో ఆగినట్టున్నాయి.

కొత్త ఫొటోలు ఎక్కించడానికి వచ్చిన ఫొటోగ్రాఫరు ఆవిడ భుజం మీదుగా తొంగిచూశాడు. "ఎవరమ్మాయ్?"

"తెలీదు బాబాయ్."

"బొమ్మ సరిగ్గా వచ్చిందా?"

"వచ్చింది" అంది భద్రం. పరీక్ష అయిపోయింది, ఇక మూసేయవచ్చు. ఆవిడ వెంటనే మూయలేదు. కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని ఆ మొహం కేసి చూస్తూ కూర్చుంది.